శస్త్రచికిత్స తరువాతి నాలుగు వారములు

(రేడియో ప్రసంగపాఠము)



పెద్దప్రేగునకు కాన్సరు సోకి, శస్త్రచికిత్స చేయించుకొని, క్షేమముగా ఇల్లు చేరినవారికి పొంచియుండు ఒక ప్రమాదమునుగూర్చి ఈ పూట మీకు చెప్పదలచితిని. నేను వైద్యుడను కాను. ఆరోగ్య ప్రసంగములను ఏర్పాటుచేయు రేడియో ఉద్యోగిని. సాధారణముగా ఇట్టి విషయములను వైద్యులచేతనే చెప్పించుట మా పద్ధతి. ఈ ఒక్క విషయమును మాత్రము నేనే చెప్పుటకు కారణమున్నది.

2017వ సంవత్సరమున మా పెదతండ్రిగారికి పెద్దప్రేగున కంతి యున్నదని తేలినది. ఆయన పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు, అరువదియైదేండ్లవారు. ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స చక్కగా జరిగినది. తొమ్మిదవ నాడు ఇంటికి పంపిరి. వచ్చునప్పుడిచ్చిన కాగితమున పథ్యము, కట్టు, మాత్రలు మొదలగువాని నడుమ ఒక సూదిమందు పేరును, దాని ప్రక్కన రోజునకొకటి చొప్పున మరి పందొమ్మిది దినములు అనియు వ్రాసియున్నది. అది ఎందులకో మాకు చెప్పినవారు లేరు; మేమును అడుగలేదు. ఊరిలోని కాంపౌండరు ఐదు రోజులు వచ్చి పొట్టమీద సూది వేసి, దూదితో గట్టిగా రుద్ది వెళ్లెడివాడు. సూది వేసినచోటనెల్ల నీలిమచ్చలు తేలినవి. చూడవచ్చిన బంధువులలో ఒకరు, "ఇది నెత్తురును పలుచన చేయు మందట! నెత్తురు పలుచబడిన కుట్లు ఎట్లు మానును?" అనిరి. ఆ మాట అందరికిని సబబుగా తోచినది. సూదుల వెలయు తక్కువది కాదు. మానివేసితిమి. మిగిలిన పెట్టె అలమరలో నుండిపోయినది.

శస్త్రచికిత్స జరిగిన ఇరువదియవ నాడు ఆయన, ఎడమకాలి చెప్పు బిగుతుగా నున్నదనిరి. పిక్క కొంచెము వాచి, నొప్పిగా నుండెను. పడుకొని పడుకొని కాలికి నీరు పట్టినదని అందరును అనుకొంటిమి. మా పెద్దమ్మ నువ్వులనూనె వెచ్చజేసి రెండు సాయంత్రములు ఆ కాలిని మర్దించినది. ఇరువదిరెండవ నాటి ఉదయము ఆయన లేచి పెరటివైపు నాలుగడుగులు వేసి, ఊపిరాడుటలేదని గుమ్మము పట్టుకొని కూర్చుండిరి. బండి వచ్చులోపలనే ప్రాణము పోయినది.

కోసి తీసిన ప్రేగును పరీక్షించిన నివేదికను తెచ్చుకొనుటకు ఆ మరుసటి వారము ఆసుపత్రికి వెళ్లవలసియుండెను. నేను వెళ్లి తెచ్చితిని. కోసిన అంచులు శుభ్రముగా నున్నవనియు, పరీక్షించిన శోషరస గ్రంథులలో ఒక్కదానియందైనను వ్యాధి లేదనియు అందులో నున్నది. కాగితము చేత పట్టుకొని, శస్త్రవైద్యుని యెదుట కూర్చుండి, ఇట్లు ఎందుకు జరిగినదని అడిగితిని. నేను చెప్పినదంతయు విని ఆయన, "ఊపిరితిత్తికి గడ్డ పోయియుండును. సూదులన్నియు వేయించినారా?" అని అడిగిరి. నా యొద్ద సమాధానము లేకపోయెను.

ఆనాటినుండి ఈ విషయమును చదువుచును, తెలిసిన వైద్యులను అడుగుచును తెలిసికొన్నదానిని మీతో చెప్పెదను.

ముందుగా ఒక మాటను విడదీసి చెప్పవలెను. మన భాషలో "గడ్డ" అను మాటకు అర్థములు పెక్కు. సెగగడ్డయు గడ్డయే, కాన్సరు కంతిని కూడ గడ్డ అనియే అందురు. అందుచేత వైద్యుడు "కాలిలో గడ్డ" అన్నప్పుడు కొందరు పైకి కనిపించు కురుపు అనుకొందురు. మరికొందరు కాన్సరు కాలికి ప్రాకినదని కుమిలిపోవుదురు. ఈ ప్రసంగమున కాన్సరును కంతి యనియు, రక్తనాళములో పేరుకొన్న నెత్తురును నెత్తురుగడ్డ యనియు పిలిచెదను.

నెత్తురు గడ్డకట్టుట స్వతహాగా దోషము కాదు. కూర తరుగుచుండగా వ్రేలు తెగినచో కొద్ది నిమిషములలో నెత్తురు తనంతట తానే నిలిచిపోవును. ఆ గుణమే లేకున్న ఏ శస్త్రచికిత్సయు సాధ్యము కాదు. అయితే గడ్డకట్టవలసినది గాయమువద్ద. గాయము లేని చోట, ప్రవాహము నడుమ, సిర లోపల గడ్డకట్టినచో అదియే ఆపద. గుండెనుండి నెత్తురును తీసికొనిపోవు నాళములు ధమనులు. తిరిగి గుండెకు తెచ్చునవి సిరలు. కాలి లోపలి సిరలలో నెత్తురు క్రిందినుండి పైకి ఎక్కవలసియుండును. దానిని పైకి నెట్టునది నడచునప్పుడు బిగిసి సడలు పిక్క కండరము. పిక్కను రెండవ గుండె యని వైద్యులు చెప్పుట అందుకే.

సిరలో నెత్తురు ఎందులకు గడ్డకట్టునో పందొమ్మిదవ శతాబ్దము మధ్యభాగమున జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పరిశోధించెను. అంతకుముందు, మరణించినవారి ఊపిరితిత్తుల నాళములలో కనబడు గడ్డలు అక్కడనే పుట్టినవని పలువురు భావించెడివారు. అవి దూరమున, కాలి సిరలలో పుట్టి, తెగి, ప్రవాహమున కొట్టుకొనివచ్చినవని విర్కో నిరూపించెను. ఆయన రచనలను ఆధారము చేసికొని తరువాతివారు మూడు కారణములను చెప్పుచున్నారు. ప్రవాహము మందగించుట యొకటి. నాళపు గోడ దెబ్బతినుట రెండవది. నెత్తురునకే గడ్డకట్టు గుణము హెచ్చుట మూడవది. కాలువలో నీరు నిలిచినచోట నాచు పట్టుట మనము చూచినదే. గట్టు చెదిరి, నీటిలో మడ్డియు హెచ్చినచో చెప్పనక్కరలేదు.

పెద్దప్రేగు కాన్సరునకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారియందు ఈ మూడును ఒక్కసారిగా కూడును. గంటల తరబడి మత్తులో కదలక పడియుందురు; పిక్క పనిచేయదు. చిన్న రంధ్రములద్వారా చేయు శస్త్రచికిత్సలో పొట్టను వాయువుతో నింపుదురు. ఆ ఒత్తిడివలన కాళ్లనుండి పైకి రావలసిన నెత్తురు నెమ్మదించును. కంతి పురీషనాళమునకు సమీపమున నున్నచో కాళ్లను ఎత్తి కట్టియుంచవలసివచ్చును. వైద్యుని కత్తి కటిభాగమునందలి పెద్దసిరల ప్రక్కనే కదలవలసివచ్చును. ఇక మూడవ కారణము కాన్సరే. కాన్సరు కణములు నెత్తురును గడ్డకట్టించు పదార్థములను తామే విడుదల చేయును. కాబట్టి కడుపులో మరియే శస్త్రచికిత్స చేయించుకొన్నవారికంటె కాన్సరునకు చేయించుకొన్నవారికి ఈ ప్రమాదము అధికము. దీనికితోడు ఎడమకాలినుండి వచ్చు పెద్దసిరపై, కటిభాగమున, కుడికాలికి పోవు ధమని అడ్డముగా ఒరసికొనిపోవును. అందువలన నెత్తురుగడ్డలు ఎడమకాలిలోనే ఎక్కువగా ఏర్పడును. మా పెదతండ్రిగారి ఎడమచెప్పు బిగుతగుట నాకు తరువాత అర్థమైనది.

కాన్సరునకును నెత్తురుగడ్డకును గల చుట్టరికమును స్పష్టముగా చెప్పినవాడు పారిసు వైద్యుడు ఆర్మాండ్ ట్రూసో. కారణము తెలియక సిరలలో గడ్డలు వచ్చు రోగికి లోపల ఎక్కడనో కాన్సరు దాగియుండవచ్చునని ఆయన 1865 ప్రాంతమున బోధించెను. కొద్దికాలమునకే తన సిరలోనే గడ్డ ఏర్పడుటను గుర్తించి, తనకు కడుపులో కాన్సరున్నదని గ్రహించి, శిష్యునితో ఆ మాట చెప్పెను. 1867లో ఆయన ఆ కాన్సరుతోనే మరణించెను.

కాలిలో పుట్టిన గడ్డ అక్కడనే యున్నచో కాలు వాచును, నొప్పి పుట్టును. బాధయే గాని ప్రాణాపాయము అరుదు. అది తెగినచో తొడలోనికి, గజ్జలోనికి, అచ్చటినుండి పొట్టలోని మహాసిరలోనికి ఎక్కి, గుండె కుడిభాగమును దాటి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుకుకొనును. సిరలు పైకి పోవుకొలది వెడల్పగుచుండును కావున దారిలో దానికి అడ్డులేదు. ఊపిరితిత్తులలో నాళములు చీలి చీలి సన్నబడును. అక్కడ అది నిలిచిపోవును. చిన్నదైన ఆయాసముతో పోవును. పెద్దదైన కొన్ని నిమిషములలోనే గుండె ఆగును.

ఇది ఎంత తరచుగా జరుగును? ఇటలీ వైద్యులు కాన్సరు శస్త్రచికిత్స చేయించుకొన్న 2373 మందిని పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. వారిలో నూటికి ఇద్దరికి పైగా, లక్షణములతో బయటపడిన నెత్తురుగడ్డ ఏర్పడినది. నూటికి ఇద్దరేగదా అనిపించును. కాని శస్త్రచికిత్స తరువాతి నెలలో మరణించినవారిని తీసికొన్నచో, దాదాపు సగముమంది మరణమునకు ఈ గడ్డలే కారణము. మరియొక సంగతి నన్ను నిలువున కదిలించినది. ఆ గడ్డలలో నూటికి నలుబది, శస్త్రచికిత్స జరిగి ఇరువదియొక్క దినములు గడచిన తరువాత బయటపడినవి. అనగా కుట్లు విప్పి, రోగి ఇల్లు చేరి, చుట్టములు పండ్లు తెచ్చి పలుకరించిపోయిన తరువాత!

ఇక మందు సంగతి. దీని పుట్టుక విచిత్రమైనది. 1916లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున, జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి నెత్తురును గడ్డకట్టించు పదార్థములను వెదకుచుండెను. కుక్క కాలేయమునుండి తీసిన ఒక సారము అందుకు విరుద్ధముగా నెత్తురును గడ్డకట్టనీయకుండుట ఆయన కంటబడినది. ఆయన ఆచార్యుడు విలియం హోవెల్ 1918లో, కాలేయమునకు గ్రీకుభాషలోగల పేరునుబట్టి, అట్టి పదార్థమునకు హెపారిన్ అని నామకరణము చేసెను. నేడు ఈ మందును ఎక్కువగా పంది ప్రేగుల లోపొరనుండి తయారుచేయుచున్నారు. ఆచారరీత్యా దీనికి అభ్యంతరమున్నవారు వైద్యునితో ముందుగా చెప్పవచ్చును. ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన మందులును కలవు.

గడ్డ ఏర్పడిన రోగిని ఈ మందు రక్షించునా అని ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున బారిట్, జోర్డాన్ అను వైద్యులు పరీక్షించి 1960లో ప్రకటించిరి. ఊపిరితిత్తికి గడ్డ పోయిన రోగులలో మందు ఇయ్యని 19 మందిలో ఐదుగురు మరల వచ్చిన గడ్డతో మరణించిరి. మందు ఇచ్చిన 16 మందిలో ఒక్కరైనను గడ్డవలన మరణింపలేదు. ఆ తరువాత ఎవరికిని మందు ఇయ్యకుండుట న్యాయము కాదని వైద్యులు ఆ పోలికను ఆపివేసిరి.

అయినను గడ్డ ఏర్పడిన తరువాత చికిత్స చేయుటకంటె ఏర్పడకుండ చూచుట మేలుగదా! ఈ పనిని పెద్దయెత్తున చేసి చూపినవాడు లండనులో పనిచేసిన భారతీయ సంతతి శస్త్రవైద్యుడు విజయ్ కక్కర్. ఆయన నాయకత్వమున పలు దేశముల ఆసుపత్రులు కలిసి, పెద్ద శస్త్రచికిత్స చేయించుకొనుచున్న 4121 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మాత్రము శస్త్రచికిత్సకు ముందునుండియే కొద్దిపాటి మోతాదులో హెపారిన్ ఇచ్చిరి. 1975లో ఫలితములు వెలువడినవి. మందు లేనివారిలో 16 మంది ఊపిరితిత్తుల గడ్డతో మరణించినట్లు శవపరీక్షలో తేలినది. మందు పొందినవారిలో ఇద్దరు. అటుపిమ్మట ఈ సూది శస్త్రచికిత్సలో భాగమైనది. రోజునకు రెండు మూడు మారులు వేయవలసిన పాత హెపారినునకు బదులు, రోజునకొకమారు వేసిన చాలునట్టి తేలికరకపు హెపారినులును వచ్చినవి.

చాలకాలము ఈ సూదిని ఆసుపత్రిలో ఉన్న వారము పదిదినములు మాత్రమే వేసెడివారు. ఇంటికి పోయినవానికి ఇక ప్రమాదము లేదని అనుకొనుటయే ఇందుకు కారణము. 2002లో స్వీడను వైద్యుడు డేవిడ్ బెర్గ్‌క్విస్టును, ఆయన సహచరులును ఈ నమ్మకమును పరీక్షించిరి. పొట్టలోను, కటిభాగములోను కాన్సరు శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో కొందరికి ఒక వారము, కొందరికి నాలుగు వారములు సూది వేసి, నెల చివర అందరి కాళ్ల సిరలను రంగుమందు ఎక్కించి ఫోటో తీసి చూచిరి. వారముతో ఆపినవారిలో నూటికి 12 మందికి నెత్తురుగడ్డ యున్నది. నాలుగు వారములు వేసినవారిలో నూటికి ఐదుగురికంటె తక్కువ. ఈ గడ్డలలో చాలవరకు పైకి ఏ లక్షణమును చూపనివి.

చిన్న రంధ్రములతో చేయు నేటి శస్త్రచికిత్సకు ఇంత జాగ్రత్త అవసరమా అను ప్రశ్న సహజముగనే పుట్టినది. ఇటలీలోనే పెద్దప్రేగు కాన్సరునకు అట్టి శస్త్రచికిత్స చేయించుకొన్న 225 మందిపై జరిపిన పరీక్ష 2014లో వెలువడినది. వారముతో మందు ఆపిన 113 మందిలో 11 మందికి గడ్డ ఏర్పడినది. నాలుగు వారములు పొందిన 112 మందిలో ఒక్కరికిని ఏర్పడలేదు. 2022లో ప్రకటించిన మరియొక పరీక్షలో, మొదటి వారము సూది వేసిన తరువాత మూడు వారములపాటు రివరోక్సబాన్ అను మాత్రను ఇచ్చి చూచిరి. మాత్ర పొందినవారిలో నూటికి ఒకరికి, ఉత్తమాత్ర పొందినవారిలో నూటికి దాదాపు నలుగురికి గడ్డ ఏర్పడినది. సూదికి భయపడువారికి ఇది ఆశ కలిగించు వార్త. ఎవరికి సూది, ఎవరికి మాత్ర అనునది వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము.

నాలుగు వారములు అని కాగితమున వ్రాయుట వెనుక ఇంత శ్రమ యున్నది. అది అలవాటుగా గిలికిన గీత యని మేమనుకొంటిమి.

మనదేశమున ఈ గడ్డలు అరుదని ఒక నమ్మకము చాలకాలముండెను. 2006, 2007 సంవత్సరములలో మనదేశమునందలి పది ఆసుపత్రులలో రెండువేలకు పైగా రోగులను పరిశీలించిరి. ఈ పరిశీలనను వెల్లడించిన వ్యాసమునకు ప్రథమ రచయిత హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన రక్తనాళ శస్త్రవైద్యుడు పింజల రామకృష్ణ. ఆసుపత్రిలో ఉన్నవారిలో సగముమందికి పైగా గడ్డ ఏర్పడు ప్రమాదము గలవారు. అట్టివారిలో తగిన రక్షణ పొందుచున్నవారు నూటికి 17 మంది మాత్రమే యని తేలినది. ఆ లెక్క నాటిది, అన్నివిధముల రోగులకు సంబంధించినది. అయినను అరుదను నమ్మకము ఎంత నిర్లక్ష్యమునకు దారితీయునో అది చూపుచున్నది.

ఇప్పుడు మా బంధువు వేసిన ప్రశ్నకు వత్తును. నెత్తురు పలుచబడిన కుట్లు మానునా? ఈ మందు నెత్తురులో నీరు కలిపినట్లు పలుచన చేయదు. గడ్డకట్టుటకు కావలసిన వరుసచర్యలను కొంత నెమ్మది చేయును, అంతే. ఆ చిన్న మోతాదులో కుట్లు మానుటకు సామాన్యముగా ఆటంకము కలుగదు. పొట్టమీద సూది వేసినచోట చిన్న నీలిమచ్చ తేలుట సహజము. రుద్దినచో మచ్చ పెద్దదగును. అందుచేత నాభికిని, కుట్లకును దూరముగా, చర్మమును రెండు వ్రేళ్లతో మడతపట్టి, ఒకనాడు కుడిప్రక్క ఒకనాడు ఎడమప్రక్క వేసి, రుద్దక వదలివేయవలెను. ఈ పనిని ఆసుపత్రి నర్సు ఇంటివారికి పది నిమిషములలో నేర్పగలదు. నేర్పుమని అడుగుటకు సంకోచింపవలదు.

అట్లని ఈ మందు అందరికి నిరపాయమని చెప్పరాదు. రక్తస్రావమే దీని దోషము. మూత్రపిండములు సరిగా పనిచేయనివారికి మోతాదు మార్చవలసియుండును. జీర్ణాశయమున పుండ్లున్నవారు, గుండెజబ్బునకు ఆస్పిరిన్ వంటి మాత్రలు మ్రింగుచున్నవారు, కీళ్లనొప్పులకు దుకాణమున కొని మాత్రలు వేసికొనువారు ఆ సంగతిని వైద్యునితో తప్పక చెప్పవలెను. కొందరిలో హెపారిన్ వలన ప్లేట్‌లెట్లు పడిపోవును. అందుకై రక్తపరీక్ష చేయుమన్నచో వృథాఖర్చని తలపరాదు. మలము నల్లబడినను, గాయమునుండి నెత్తురు ఆగకున్నను, తీవ్రమైన తలనొప్పి వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మందు మానవలసివచ్చినచో మాన్పవలసినవాడు వైద్యుడు. చూడవచ్చిన చుట్టము కాదు.

మందుతోపాటు నడక కావలెను. శస్త్రచికిత్స జరిగినవారిని మంచము దిగనీయకుండుటయే సేవ యని మన ఇండ్లలో ఒక అభిప్రాయము కలదు. మంచినీళ్లును మంచమువద్దకే, భోజనమును మంచమువద్దకే. ఇది ప్రేమయే గాని పిక్కకు పని లేకుండచేయు ప్రేమ. 1990వ దశకమున డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్, ప్రేగు శస్త్రచికిత్స జరిగిన రోగులను వెంటనే లేపి నడిపించి, త్వరగా ఆహారమిచ్చి, వారు త్వరగా కోలుకొందురని చూపెను. నేడు మంచి ఆసుపత్రులు శస్త్రచికిత్స జరిగిన నాడో మరునాడో రోగిని లేపి నిలబెట్టుచున్నవి. ఇంటికి వచ్చిన తరువాతను పూటకు కొన్నిమారులు వసారాలో నడువవలెను. కుర్చీలో కాళ్లు వ్రేలాడవేసి గంటలకొలది కూర్చుండుట నడకతో సమానము కాదు. మంచముపై నున్నప్పుడు పాదములను పైకిని క్రిందికిని ఆడించుచుండవలెను. నగరములోని ఆసుపత్రినుండి దూరమున ఉన్న సొంతయూరికి కారులో పోవువారు నడుమ నడుమ ఆపి, దిగి, నాలుగడుగులు వేయవలెను.

నీరు తగినంత త్రాగవలెను. ముఖ్యముగా పొట్టమీద మలద్వారము అమర్చి సంచి కట్టినవారిలో కొందరికి నీరు విశేషముగా నష్టమగును. ఎంత త్రాగవలెనో వైద్యునినే అడుగవలెను. కాళ్లకు తొడుగు బిగుతు మేజోళ్లవిషయమున ఒక మాట. తగిన సూదిమందు పొందుచున్న శస్త్రచికిత్స రోగులకు మేజోళ్లవలన అదనపు లాభము కనబడలేదని 2020లో వెలువడిన బ్రిటిషు పరీక్ష తెలిపినది. కావున మేజోళ్లు వేసికొంటిమిగదా అని సూదిని మానరాదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను గడ్డ ఏర్పడవచ్చును. దాని గుర్తులను ఇంటిలోని వారందరు ఎరిగియుండవలెను. రెండు కాళ్లలో ఒకటి మాత్రమే వాచుట, పిక్కలోగాని తొడలోగాని నొప్పి, ఆ చోట వేడి, రంగు మారుట. ఇవి కాలిలోని గడ్డకు గుర్తులు. ఉన్నట్టుండి ఆయాసము, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు, దగ్గులో నెత్తురు, గుండెదడ, కన్నులు చీకట్లు క్రమ్మి తూలిపడుట. ఇవి గడ్డ ఊపిరితిత్తికి చేరినదనుటకు గుర్తులు. మొదటివి కనబడిననాడే ఆసుపత్రికి పోవలెను. రెండవవి కనబడినచో క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. ఇటీవల ప్రేగు శస్త్రచికిత్స జరిగినదని వచ్చినవారికి మొదటి మాటగా చెప్పవలెను.

వాచిన కాలిని మర్దింపరాదు. నూనె మంచిదే, చేయి చల్లనిదే. కాని లోపల గడ్డయున్న సిరను పిసికినచో అది తెగి కదలవచ్చును. మర్దన తరువాత గడ్డ ఊపిరితిత్తికి పోయిన సందర్భములను వైద్యులు నమోదుచేసియున్నారు. మా పెద్దమ్మకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఆమె ఉన్నంతకాలము చెప్పలేకపోయితిని. నేడు చెప్పుచున్నది మీకు.

గడ్డ యున్నదో లేదో తెలిసికొనుట కష్టము కాదు. కాలిసిరలను స్కానింగుతో చూచుటకు కొద్ది నిమిషములు చాలును, నొప్పి యుండదు. ఊపిరితిత్తులకు రంగుమందు ఎక్కించి తీయు సీటీ స్కాను కలదు. డీ-డైమర్ అను రక్తపరీక్షను కొందరు తామే చేయించుకొని కంగారుపడుదురు. శస్త్రచికిత్స తరువాత అది ఎట్లైనను హెచ్చియే యుండును గనుక దానిపై ఆధారపడరాదు. గడ్డ యున్నదని తేలినచో పెద్దమోతాదులో సూదులుగాని మాత్రలుగాని కనీసము మూడు నెలలు, కాన్సరు చికిత్స ఇంకను సాగుచున్నవారికి అంతకంటె ఎక్కువకాలము వాడుదురు. సకాలమున గుర్తించినవారిలో పెక్కుమంది కోలుకొందురు.

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చునప్పుడు వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు. గడ్డకట్టకుండ మందు ఇచ్చినారా? ఎన్ని దినములు? ఇయ్యకున్న, ఎందువలన? ఆ సమాధానములను కాగితమున వ్రాసికొని గోడకు అంటించుడు. క్యాలెండరుపై ఇరువదియెనిమిదవ దినమునకు గుర్తు పెట్టుడు. సూది వేసిననాడెల్ల ఒక గీత కొట్టుడు. ఖర్చు భారమైనచో మానివేయుటకు ముందు ఆ మాటను వైద్యునితోనే చెప్పుడు. చవుకైన రకము ఉండవచ్చును, మాత్ర సరిపోవచ్చును.

ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లని మనవారు కృతఘ్నులను నిందింతురు. మేము చేసినది అదియును కాదు. ఏరు నడుమ నుండగనే తెప్పను తగులబెట్టితిమి. ఆవలియొడ్డు కన్నులకు కనబడుచుండెను గనుక చేరితిమనుకొంటిమి. కాన్సరు శస్త్రచికిత్స అను ఏటికి ఆవలియొడ్డు ఆసుపత్రి గుమ్మము కాదు. దానికి మరి కొన్ని వారముల దూరమున నున్నది. అంతవరకు తెప్పను విడువకుడు.

సెలవు.